కట్టెలకు వెళ్ళిన రోజులు

మా ఆయన లారీ డ్రైవరు. లోడు మీద పట్టా కడుతూ గరికపాడు దగ్గర కిందపడ్డాడు. ప్రాణానికేం కాలేదు గానీ నడుం పోయింది. మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోలేకపోయాడు. ఆ ఏడాదే మా గ్యాసు బండ ఖాళీ అయి మూలకు చేరింది. మా అత్తయ్య దాని మీద ఉతికిన బట్టలు మడిచి పెట్టేది. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి లేచింది.

నేను పుట్టి పెరిగింది నందిగామలో. పొయ్యి మీద వంట వచ్చు గానీ కట్టెలు ఏరుకురావడం తెలియదు. అత్తయ్యకు అది చిన్నప్పటి నుంచీ ఉన్న పనే. చిల్లకల్లు చుట్టుపక్కల ఎవరి తోట కొడుతున్నారో ఎవరో ఒకరు ఆమెకు చెప్పేవాళ్ళు. తెల్లవారగానే కొడవలి, తాడు, తలమీదికి ఒక పాతచీర ముక్క తీసుకుని ఇద్దరం బయల్దేరేవాళ్ళం.

మా వైపు సుబాబుల్ తోటలెక్కువ. కాగితం మిల్లులకు కర్ర తోలేటప్పుడు కూలీలు దుంగలకు బెరడు ఒలిచేసి, చివరి కొమ్మలు చేలోనే వదిలేస్తారు. ట్రాక్టరు వెళ్ళిపోయాక వాటిని ఎవరు పట్టుకెళ్ళినా రైతు ఏమీ అనడు. చేను శుభ్రమైతే ఆయనకూ నయమే. మొదటిరోజు నేను లావుగా ఉన్న కొమ్మలన్నీ పోగేశాను. అత్తయ్య వాటిని గోటితో గీకి చూసింది. లోపల పచ్చగా ఉంది.

"ఇవి కట్టెలు కాదమ్మాయ్, నీళ్ళు. ఎందుకు మోయడం," అని సగానికి సగం అక్కడే పారేయించింది.

మెల్లమెల్లగా నాకూ తెలిసొచ్చింది. ఎండిన పుల్ల విరిస్తే టప్పుమంటుంది, పచ్చిది వంగుతుంది. సుబాబుల్ బాగా మండుతుంది గానీ తొందరగా బూడిదైపోతుంది. అన్నం వండటానికైతే చాలు. పప్పు ఉడకాలంటే తుమ్మ కావాలి, దాని నిప్పు నిలుస్తుంది. రాజెయ్యడానికి జామాయిల్ ఆకు ఉంటే కిరసనాయిలు అక్కర్లేదు. ఒకసారి హైవే మధ్యలో చెట్లు కత్తిరించి పడేస్తే, తేలిగ్గా దొరికాయని నా మోపులో కట్టుకున్నాను. అత్తయ్య చూసి ఒక్కొక్కటే లాగి కాలవలో పడేసింది. అవి గన్నేరు కొమ్మలట. ఆ పొగ పీలిస్తే మంచిది కాదంది. నన్ను కసురుకోలేదు. ఆరోజు తన మోపులోంచే నాకు సగం ఇచ్చింది, ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకుండా.

రెండో వేసవికి ఆ తోటల్లోకి ఇటుక బట్టీల వాళ్ళొచ్చారు. దుంగలతో పాటు పుల్లా బెరడూ కూడా బేరమాడి ట్రాక్టర్లకెత్తించుకోవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ మమ్మల్ని పలకరించే రైతే గట్టు మీద నిలబడి, ఇక రావద్దనీ, మొత్తం వాళ్ళకే ఇచ్చేశామనీ చెప్పాడు. ఆ మాట చెప్పడం ఆయనకూ కష్టంగానే ఉన్నట్టుంది, మా మొహాలు చూడలేదు. అప్పటికే కట్టిన మోపు విప్పేసి వచ్చాం.

ఇక మిగిలింది సాగర్ కాలవ కట్ట. అక్కడ ఎటు చూసినా సర్కారు తుమ్మే. అడిగేవాళ్ళు లేరు. కట్టె మంచిదే, ముళ్ళే చెడ్డవి. వేలంత పొడుగుంటాయి, హవాయి చెప్పుల్లోంచి దిగిపోతాయి. అత్తయ్య చెప్పులు అరిగి అట్టముక్కల్లా ఉండేవి. ఒకరోజు కంప లాగుతూ ఉన్నట్టుండి ఆగింది. వంగి కాలు తడుముకుని, ఏదో పీకి పారేసింది. ఏమైందంటే రాయి తగిలిందంది. మోపు ఎత్తుకుని నాకంటే ముందే నడిచింది.

ఆమెకు షుగరు. కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయని ఎప్పుడూ అనేది. నొప్పి తెలియకపోవడం ఎంత ప్రమాదమో మాకెవరికీ తెలియదు.

కొన్నాళ్ళకు ఇంట్లో ఏదో కుళ్ళిన వాసన. ఎలుక చచ్చిందేమోనని బియ్యం డబ్బా వెనక, మంచం కింద, అన్నిచోట్లా వెతికాను. మధ్యాహ్నం ఆమె పడుకున్నప్పుడు చీర అంచు పక్కకు తొలగింది. పాదానికి పసుపు పూసిన గుడ్డ కట్టి ఉంది. దాని మీద ఈగలు. నేను గుడ్డ విప్పుతుంటే మేలుకుంది గానీ కాలు వెనక్కి తీసుకోలేదు. ముల్లు విరిగి సగం లోపలే ఉండిపోయింది. అరికాలు నల్లబడింది.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?" అన్నాను.

"చెబితే నన్ను మాన్పిస్తావు. ఆ కంపలోకి ఒక్కదానివే పోతావు," అంది.

మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడని తెలిసింది.

జగ్గయ్యపేటలో డాక్టరుగారు చూసి బెజవాడ తీసుకెళ్ళమన్నారు. అక్కడ మొదట వేళ్ళు తీశారు. అది ఆగలేదు. తర్వాత చీలమండ పైదాకా కాలు తీసేశారు. చర్చి ఆడవాళ్ళు వచ్చి ప్రార్థన చేసి, పళ్ళు పెట్టి వెళ్ళారు. అత్తయ్య ఆమెన్ అంది గానీ, వాళ్ళు వెళ్ళాక పాట పాడుకోలేదు. అంతకుముందు పొయ్యి దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి పాడుకునేది.

నేనొక్కదాన్నే కట్టమీదికి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మంలో ఉండేది. మోపు వైపు చూసేది. చలికాలంలో ఆమె స్నానానికి నీళ్ళు కాస్తుంటే వద్దంది. చన్నీళ్ళే హాయిగా ఉంటాయంది. అబద్ధమని వణుకులోనే తెలిసేది. కట్టెలు తేలేని మనిషికి వేణ్ణీళ్ళెందుకని ఆమె లెక్క. ఎంత పోరినా వినలేదు. ఒకరోజు బలవంతంగా వేణ్ణీళ్ళు పోశాను. పోస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని కూర్చుంది.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం నేనొచ్చేసరికి ఆమె గుమ్మంలో లేదు. మా ఆయన నిద్రపోతున్నాడు. ఆమె చేతికర్ర కూడా లేదు. కంగారుగా వీధిలోకి పరిగెత్తాను. రోడ్డు మలుపులో కరెంటు తీగల కింద నిద్రగన్నేరు కొమ్మలు కొట్టి పడేసి ఉన్నాయి. ఆ కుప్ప మీద కూర్చుని ఉంది అత్తయ్య. ఎర్రటి ఎండ. కాలి కట్టు దుమ్ముకొట్టుకుపోయి, కొసన రక్తం ఊరుతోంది. ఎవరెవరో వచ్చి అడిగారట, మా కోడలు వస్తోందని చెప్పి పంపేసిందట.

ఇంటికి పోదాం పదమని రెక్క పట్టుకున్నాను.

"ముందు ఇవి ఇంట్లో వేసిరా. నన్ను తర్వాత తీసుకెళ్దువుగాని," అంది.

నిద్రగన్నేరు మెత్తటి చెక్క. పచ్చిది అసలు అంటుకోదు, ఎండినా పొగే ఎక్కువ. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. అయినా కొమ్మలు భుజానికెత్తుకుని, కొన్ని ఈడ్చుకుంటూ, ఇంటికీ రోడ్డుకీ తిరిగాను. కుప్ప తరిగేకొద్దీ ఆమె కర్ర ఊతంతో పక్కకు జరుగుతూ వచ్చింది. చివరి కొమ్మ కూడా అయ్యాక చేతులు చాపింది. ఆమెను వీపు మీద వేసుకుని తెచ్చాను. మోపుకన్నా తేలిగ్గా ఉంది.