బెల్లం ముక్కతో కోర్సులు ఎంచిన ఆంటీ

పై ఫ్లోర్ ఆంటీ పోయారని మా ఆయన ఫోన్ చేసేసరికి నేను డెంటల్ స్కూల్ ల్యాబ్‌లో మైనంతో పన్ను చెక్కుతున్నాను. మొదటి సెమిస్టర్ వాళ్ళందరికీ అదే పని. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. సరే అన్నాను. పక్క బల్ల దగ్గరి అమ్మాయి ఏమైందని అడిగితే మా టీచర్ పోయారని చెప్పాను. నిజానికి ఆవిడ ఏనాడూ నాకు టీచర్ కాదు. హెర్న్‌డన్ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పైన ఉండేవారు, అంతే.

ఆవిడ గుంటూరులో బీడీఎస్ చదివి, నాలుగేళ్ళు సొంత క్లినిక్ నడిపి ఇక్కడికి వచ్చారు. లైసెన్స్ కోసం రాయాల్సిన పరీక్ష పాసయ్యారు. బొమ్మ పళ్ళ మీద పని చేసి చూపించాల్సిన పరీక్ష నాటికి కడుపుతో ఉండి వెళ్ళలేకపోయారు. తర్వాత ఇంకో పాప, ఆ తర్వాత ఇంకేదో. చివరికి ఒక క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేరి, తనకన్నా చిన్నవాళ్ళయిన డాక్టర్లకి ఇరవై ఏళ్ళు పరికరాలు అందించారు. బాధగా ఉండదా ఆంటీ అని ఒకసారి అడిగాను.

"ఉండకేం? పేషెంటు కుర్చీలో కూర్చున్నాక మాత్రం గుర్తుకురాదు" అన్నారు.

నాకు ఆ చదువు మీద ఆశ పుట్టింది ఆవిడ్ని చూసే. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు, బాబు డేకేర్‌లో ఉన్నాడు. ఒక్కసారే అప్లై చేస్తాను, రాకపోతే మళ్ళీ ఆ మాటెత్తనని మా ఆయనకి మాటిచ్చాను. మాటైతే గొప్పగా ఇచ్చాను గానీ, నా దగ్గరున్నది ఇండియాలో చేసిన మైక్రోబయాలజీ డిగ్రీ, ఇక్కడ ఆర్గానిక్ కెమిస్ట్రీలో తెచ్చుకున్న ఒక సి గ్రేడు. డిగ్రీలో నాకు డిస్టింక్షన్ అని అస్తమానం అంటుండేదాన్ని. దాన్ని ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకోమనీ, ఇక్కడివాళ్ళు ముందు ఇక్కడ చదివిందే చూస్తారనీ ఆంటీ వెక్కిరించేవారు.

అప్లికేషన్‌కి ముందు ఒక్క సెమిస్టర్ మిగిలింది. బాబుతో రెండు కోర్సులకి మించి వీలుపడదు. తలో వంటకం తెచ్చుకునే మన పాట్‌లక్‌లలో సలహాలకేం కొదవ? ఒకరి మేనకోడలు, ఇంకొకరి కొలీగ్ కొడుకు, అందరి అనుభవాలూ పులిహోరతో పాటు నా ప్లేట్లో వడ్డించారు. అన్నిటి సారం ఒక్కటే. తేలికైనవి తీసుకో, రెండు ఎ గ్రేడులు తెచ్చుకో, వాటి మధ్య ఆ సి ఎవరికీ కనపడదు. నేను న్యూట్రిషన్, సైకాలజీ రిజిస్టర్ చేసేశాను.

ఆంటీకి చెప్పాను. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్ల వెనక కొలను చుట్టూ నడుస్తుంటే, కోటు జేబులోంచి చిన్న బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టారు. నోట్లో వేసుకోమన్నారు. అది ఎటు పోతోందో, ఏం చేస్తోందో చెబుతూ నడవమన్నారు.

సన్నగా పొగమంచు దిగుతోంది. నీళ్ళ అవతల లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. నేను చెప్పుకుంటూ పోయాను. పంటి మీది పాచిలో బ్యాక్టీరియా ఉంటుంది, ఆ పేర్లన్నీ నాకు వచ్చు. అది తీపిని తిని యాసిడ్ చేస్తుంది. ఎలా చేస్తుంది అన్నారు ఆంటీ. ఆగిపోయాను. సరే, వదిలేసి ముందుకు పద అన్నారు. యాసిడ్ పైపొరని కరిగిస్తుంది, లోపలికి దిగుతుంది. ఆ లోపల ఏముంది, చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది ఎందుకు అన్నారు. మళ్ళీ ఆగిపోయాను. ఇంకో సగం చుట్టు నడిచాం. నా నాలుక మీద బెల్లం ఎప్పుడు కరిగిపోయిందో తెలియలేదు. కాసేపు మేమిద్దరం నిజంగానే ఒక పంటి లోపల నడుస్తున్నట్టు అనిపించింది నాకు.

"రెండు చోట్ల ఆగావు" అన్నారు ఆవిడ, మెట్ల దగ్గరికొచ్చాక. "ఒకటి బయోకెమిస్ట్రీ, ఇంకోటి లోపలి పొరల సంగతి చెప్పే హిస్టాలజీ. అవి తీసుకో. అప్లికేషన్ కోసం చదివింది అప్లికేషన్ దాకానే వస్తుంది అమ్మాయ్."

కోపం వచ్చిందనే ఒప్పుకుంటాను. ఉన్న ఒక్క అవకాశాన్నీ ఈవిడ బెల్లం ముక్క మీద పెట్టమంటున్నారే అనుకున్నాను. మూడు రోజులు పైకి వెళ్ళలేదు. నాలుగో రోజు, కోర్సులు మార్చుకునే గడువు ముగిసేలోగా, రెండూ మార్చేశాను. ధైర్యం వచ్చి కాదు. బ్రష్ చేసుకుంటున్నప్పుడల్లా ఆగిపోయిన ఆ రెండు చోట్లూ గుర్తొచ్చి ఉండబట్టలేకపోయాను.

బయోకెమిస్ట్రీ నన్ను ఏడిపించింది. హిస్టాలజీలో మాత్రం మైక్రోస్కోప్ కింద పంటి పొరల్లో సన్నని గొట్టాలు, దువ్విన జుట్టులా ఒకే వైపు వంగి కనిపించిన రోజు, క్లాసు అయిపోయినా కళ్ళు తీయలేదు. ఆంటీకి చెబితే కాఫీ కలుపుతూ కళ్ళు మూసుకుని విన్నారు. ఆవిడకి అదొక అలవాటు, నచ్చింది వింటే కళ్ళు మూసుకునేవారు. బయోకెమిస్ట్రీలో బి, హిస్టాలజీలో ఎ వచ్చాయి. ఇంటర్వ్యూలో వాళ్ళు నా సి గ్రేడు గురించి అడిగారు. దాచకుండా చెప్పి, ఆ తర్వాత నేను ఎక్కడెక్కడ ఆగిపోయానో, అందుకే ఏం చదివానో చెప్పాను.

సీటు వచ్చిందన్న ఈమెయిల్ చూసి మెట్లెక్కి పరుగెత్తేసరికి ఆవిడ మంచంలో ఉన్నారు. ఆ ఏడాదే బయటపడ్డ జబ్బు అప్పటికే ముదిరింది. చెప్పాను. నవ్వారు. మధ్యాహ్నపు ఎండ పక్క మీద పడుతోంది. కొంచెం లేపి కూర్చోబెట్టమని, కిటికీ వైపు తిరిగి, కుడివైపు పైన చివరి పన్ను నుంచి వరసగా లెక్కపెట్టమన్నారు.

"మీవా ఆంటీ?"

"నీకు మొదటి పేషెంటు ఎవరో ఒకరు కావాలి కదా" అన్నారు.

నోరు తెరిచి, కళ్ళు మూసుకున్నారు. నేను ఒక్కో పన్నునీ వేలితో తాకుతూ ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టాను. ఒక్కో అంకెకీ దుప్పటి మీద ఆవిడ చూపుడువేలు మెల్లగా తడుతోంది. ఎడమవైపుకి వచ్చాక పదమూడు తర్వాత ఒక పన్ను లేదు, ఎప్పుడో తీయించేసుకున్నారు. ఆ చోటు దాటి పక్క పన్నుని పద్నాలుగు అన్నాను. ఆవిడ వేలు ఆగింది.

"లేని పంటికి కూడా దాని నెంబరు దానికుంటుంది. దాటేసి లెక్కపెట్టకు" అన్నారు. మళ్ళీ నోరు తెరిచారు.

మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆ ఖాళీ దగ్గరికి వచ్చి పద్నాలుగు అన్నాను. కిటికీ ఎండలో, దుప్పటి మీద, ఆవిడ వేలు ఒకసారి తట్టింది.