పరిచయాల డాక్టరుగారు

ఆ పరిశోధనశాల పశువైద్యుడుగారికి లోకంలో ఒక్కటే ప్రశ్న: "ఇదివరకు పరిచయం ఉందా?" కొత్త కుర్చీ వస్తే మోసుకొచ్చినవాణ్ణి అడుగుతారు. కొత్త డైరెక్టరు వస్తే ఆయన్నే అడుగుతారు. తొలిచూపులో తన భార్యనీ ఇదే అడిగారట. ఆవిడ "లేదు, పెట్టుకునే ఉద్దేశమూ లేదు" అందట. ఎనిమిదేళ్లుగా కాపురం చేస్తున్నారు.

జన్యువుల డాక్టరమ్మకి మాత్రం ఆ ప్రశ్న గండమై కూర్చుంది. కోరలు పీకిన వైరస్ వీపున మంచి జన్యువునెక్కించి ఒంట్లోకి తోలడం ఆమె వైద్యం. రోగి పేరు బొత్తాం. పుట్టుకతోనే నెత్తురు గడ్డకట్టని కుక్కపిల్ల. చిగురు గీరుకుంటే మూడ్రోజులు కారుతుంది.

"ఇవాళ మందిచ్చేద్దాం సార్."

"ఆ వైరస్‌తో దీనికి ఇదివరకు పరిచయం ఉందా?"

"ఏడు వారాల పసిది. ఎక్కడ కలుస్తుంది సార్, సంతలోనా?"

"తల్లి కలిసుంటుందమ్మా. తల్లి పాలు తాగిన పిల్ల తల్లి పగలు కూడా తాగుతుంది. మన మందు గుమ్మం తొక్కగానే మెడపట్టి గెంటుతుంది."

పరీక్ష చేస్తే నిజమే. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు నెత్తుట్లో కాపలా కాస్తున్నాయి. అవి కరిగేదాకా ఆగాలన్నారు. వారం వారం పరీక్ష, వారం వారం అదే తీర్పు: "ఇంకా మరవలేదు."

అయిదో వారం లోపల నెత్తురు కారి బొత్తాం మోకాలు వాచింది. డాక్టరమ్మ తాడోపేడో తేల్చుకుందామని ఆయన గది తలుపు తోసింది. డాక్టరుగారు బల్ల కింద బాసింపట్టు వేసుక్కూర్చుని, కీళ్లకు దూది చుట్టిన ముసలికుక్కకి నెత్తురు గడ్డకట్టించే ప్లాస్మా ఎక్కిస్తున్నారు.

"ఇదెవరు సార్?"

"నా మొదటి రోగి. దీనిదీ బొత్తాం జబ్బే. పదేళ్ల కిందట నేనూ నీలాగే తొందరపడి, అడక్కుండా మందిచ్చేశాను. దీనికి పాత పరిచయం ఉంది. మందు బూడిదలో పోసిన పన్నీరైంది. ఒకసారి ఇచ్చాక ఒళ్లు ఆ ముఖాన్ని మరవదు, మళ్లీ ఇవ్వడానికి లేదు. అప్పట్నుంచి అందర్నీ అడుగుతున్నాను."

"కుర్చీలు మోసేవాళ్లని కూడానా?"

"అలవాటు తప్పకూడదు కదమ్మా."

డాక్టరమ్మ పోట్లాట సంగతి మరిచి, ప్లాస్మా సంచీ పట్టుకుని నిలబడింది. బొత్తాం మోకాలికీ ఆ సాయంత్రం ప్లాస్మాయే దిక్కయింది.

ఏడో వారం పరీక్షలో ఆ కాపలా కనిపించలేదు. మందిచ్చారు. నెల తిరక్కుండా బొత్తాం ఎవరి చెప్పుతోనో యుద్ధం చేసి గోరు ఊడగొట్టుకుంది. డాక్టరమ్మ గడియారం చూసింది. అయిదు నిమిషాల్లో నెత్తురు కట్టింది. బొత్తాం మళ్లీ యుద్ధానికి బయల్దేరింది.

డాక్టరుగారు దాన్ని ఎత్తుకెళ్లి ముసలిదాని పక్కన దింపారు. డైరెక్టరును చూసినా గుర్రుమనే ఆ ముసలిది, కాస్త జరిగి పరుపు మీద చోటిచ్చింది.

"ఇదివరకు పరిచయం ఉందా సార్?" అంది డాక్టరమ్మ.

"లేదు," అన్నారాయన గంభీరంగా. "ఇప్పుడే అయింది."