పట్టా రాకుండా బురుజెక్కిన పిల్ల

యగోదా పోలండు పిల్ల. ఏడాది చదువుకని మా బొలోన్యాకు వచ్చి, గ్రంథాలయం, వంటిల్లు, ఆ రెంటి నడుమ సందు తప్ప ఇంకేమీ చూడలేదు. జూన్ వచ్చేసరికి ఒక్క పరీక్ష మిగిలింది, మధ్యయుగపు కళాచరిత్ర. సోమవారం పరీక్ష, మంగళవారం పొద్దున్నే రైలు. ఇది తప్పితే ఏడాది చదువూ లెక్కలోకి రాదు. బుద్ధిమంతులైతే ఆ వారమంతా పుస్తకం ముందు నుంచి లేవరు. యగోదా మాత్రం పుస్తకాన్ని సంచిలో పడేసుకుని ఊళ్లు చూడడానికి బయల్దేరింది.

"ఇటలీలో ఏం చూశావే అని మా అన్నయ్య అడిగితే, మీ ఫ్రిజ్ చూశానని చెప్పమంటారా?" అంది ఇంటామెతో.

ఇంటామె పేరు ఇరిదే. అరవై దాటిన మనిషి. విద్యార్థులకు గదులు అద్దెకిచ్చి, వాటితోపాటు సలహాలూ ఇచ్చేది. సలహాలు ఉచితమే, తప్పించుకోవడమే కష్టం.

"ఎక్కడికైనా పో పిల్లా. ఆ అసినెల్లి బురుజు మాత్రం ఎక్కకు. పట్టా పుచ్చుకోకుండా ఎక్కినవాళ్లు ఇంక జన్మలో పుచ్చుకోరు."

బొలోన్యాలో చదివేవాళ్లెవరూ ఈ మాటను తీసిపారెయ్యరు. దేవుడు లేడని టేబులు గుద్ది వాదించేవాళ్లు కూడా బురుజు దగ్గరికి వచ్చేసరికి అవతలి అరుగెక్కి పోతారు. పక్కగదిలో ఉండే కోసిమో ఎనిమిదేళ్లుగా న్యాయశాస్త్రం చదువుతున్నాడు.

"నువ్వు ఎక్కావా?" అని అతన్ని అడిగింది యగోదా.

"ఛ, నేనెందుకెక్కుతాను?"

"మరి ఎనిమిదేళ్లయినా పట్టా రాలేదేం?"

"ఎక్కలేదు కాబట్టే ఇంకా ఆశ ఉంది" అన్నాడు కోసిమో, రొట్టె నములుతూ.

యగోదా పడీపడీ నవ్వింది. నవ్వే హక్కు ఆ పిల్లకు పెద్దగా లేదు. వాళ్ల దేశంలో స్కూలు చివరి పరీక్షలకు ఎర్ర లోదుస్తులు వేసుకుని పోవడం ఆచారం, తనూ అలాగే పోయి నెగ్గింది. ఎవరి పిచ్చి వారికానందం.

రవెన్నా వెళ్లి గుడి కప్పుల మీది రంగురాళ్ల బొమ్మలు చూసీ చూసీ మెడ పట్టేసి, రాత్రి తల పక్కకు పెట్టుకునే భోంచేసింది. ఫెర్రారాలో సైకిలు అద్దెకు తీసుకుంటే, కూరగాయల బుట్టలతో పోయే ముసలమ్మలు గంట కొట్టి మరీ దాటిపోయారు. ఎక్కడికి వెళ్లినా రైల్లో పుస్తకం తెరిచేది, రెండు పేజీలు తిరక్కుండానే కునుకు పట్టేది. రోజూ సాయంత్రం ఇరిదే పిండి బిళ్లల్లో మాంసం పెట్టి తోర్తెల్లీనీలు మడుస్తూ "ఇవాళ ఎక్కడికి పోయావు?" అని అడిగేది. పొరుగూరి పేరు వినగానే ఆమె మొహం తేటపడేది.

శనివారం శాన్ లూకా కొండకు నడిచింది. పైనుంచి చూస్తే ఊరంతా ఎర్రగా పరుచుకుని ఉంది, నడిమధ్యన ఆ బురుజు. చుట్టుపక్కల ఊళ్లన్నీ చూసి, ఉన్న ఊరి నడిబొడ్డున ఉన్నదాన్ని చూడకుండా పోతానా అని ఆ పిల్లకు పౌరుషం వచ్చింది. ఆదివారం గ్రంథాలయానికని చెప్పి, తిన్నగా పోయి బురుజెక్కేసింది.

సోమవారం పరీక్ష. మా దగ్గర పరీక్ష నోటితోనే, తలుపులు తీసే పెడతారు, ఎవరైనా వచ్చి వినొచ్చు. ఇరిదే మంచి పూలగౌను వేసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కోసిమో పక్కన వెనక బెంచీలో కూర్చుంది.

ప్రొఫెసర్ మలగూతీ తొందరపడే మనిషి కాదు. "పాతకాలం గొప్పిళ్లవాళ్లు అంత ఎత్తు బురుజులు కట్టారే, దానివల్ల వాళ్లకేం ఒరిగిందంటావు?" అన్నాడు.

పుస్తకంలో ఉన్నది చెప్పి ఊరుకుంటే సరిపోయేది. యగోదా ఊరుకోలేదు. "అన్నిటికన్నా లాభం, ఇరుగుపొరుగు ఏం చేస్తున్నారో తెలుస్తుందండి. మెట్లు అరిగిపోయి కాళ్లు జారుతుంటాయి కానీ, పైకి పోతే ప్రతి ఇంటి మేడా కనిపిస్తుంది. నిన్న మా ఇంటామె దిండు గలీబులు ఆరేసి, వాటి చాటున కూర్చుని పెద్ద పుస్తకమేదో చదువుకోవడం కూడా..."

వెనక బెంచీల్లోంచి ఒక మూలుగు వినిపించింది. కోసిమో నెత్తి పట్టుకున్నాడు. యగోదాకు అప్పుడు తెలిసింది, తన నోటితో తనే బయటపెట్టుకున్నానని.

ప్రొఫెసర్ కళ్లజోడు తీశాడు. "ఎక్కావా? నిన్ననా?"

అబద్ధమాడడానికి ఇంక చోటు లేదు. "ఎక్కానండి."

"నేనీ ఊళ్లోనే పుట్టాను. పట్టా వచ్చేదాకా భయపడి ఎక్కలేదు, వచ్చాక మోకాళ్లు ఎక్కనివ్వలేదు. ఇంకా ఏమేం కనిపిస్తాయో చెప్పు."

చెప్పింది. ఆయన చెయ్యి గడ్డం కింద పెట్టుకుని కథ విన్నట్టు విని, ముప్ఫైకి ఇరవై ఎనిమిది వేశాడు.

బయట వరండాలో కోసిమో చంకలు గుద్దుకుంటున్నాడు. ఇరిదే మాత్రం చేతిసంచి మూత తీస్తూ మూస్తూ నిలబడింది. గ్రంథాలయమని బొంకినందుకు కోపం వచ్చిందనుకుంది యగోదా.

"తప్పయిపోయింది సిన్యోరా."

"అది కాదే. నేను చదవడం పైనుంచి కనిపించిందా?"

"కనిపించింది. ఏం పుస్తకమది?"

"నీ పరీక్షదే. నా పాతది." ఇరిదే గొంతు తగ్గించింది. "రెండో ఏడు చదువుతుండగా పెద్దది కడుపున పడింది, మానేశాను. మళ్లీ మొదలుపెడదామనుకుంటూనే నలభై ఏళ్లు దొర్లిపోయాయి. ఆ బురుజు మాత్రం ఎక్కలేదు. ఎక్కితే ఇంక చదవనని ఒప్పుకున్నట్టే కదా."

ఇన్నాళ్లూ ఈమె కాపలా కాసింది తన పరీక్షకనుకుంది యగోదా. "నేను ఎక్కి కూడా నెగ్గాను కదండీ. రండి, ఇప్పుడే పోదాం" అని చెయ్యి పట్టుకుంది.

ఇరిదే చెయ్యి విడిపించుకుంది. "ఎక్కను. లోపలికి పోయి మళ్లీ పరీక్ష ఎప్పుడో కనుక్కుని రా. నాకు అడగాలంటే సిగ్గు."

ప్రొఫెసర్ కాగితాలు సర్దుకుంటున్నాడు. యగోదా అడిగింది.

"సెప్టెంబరులో. నువ్వు నెగ్గావుగా, ఎవరికోసం?" అన్నాడాయన.

ఆ పిల్ల నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"నాకేనండి."