దాటినవీ దాటనిచ్చినవీ

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలు ఉండేవి. చదువుకున్న ఇంజినీరు లెక్క తప్పదనేది ఒకటి. ఆ ఇంజినీరు నేనేననేది రెండోది. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరి ఆరు నెలలైంది. మా ఊరివాళ్లు పెద్ద విమానం ఎక్కాలంటే రాంచీ పోవాలి కదా. ఆ దారిని ఎక్కడెక్కడ వెడల్పు చేయాలో, ఎక్స్‌ప్రెస్ బస్సు వేస్తే విమానాశ్రయానికి ఎంతసేపట్లో చేరుస్తుందో మా ఆఫీసు ఒక నివేదిక తయారుచేస్తోంది. కారులో ఆ దారంతా వెళ్లి, ఏ ఊరి దగ్గర ఎన్ని నిమిషాలు పోతున్నాయో రాసుకురావడం నా వంతు.

దానికో నియమం ఉంది. మన కారు రోడ్డు మీది మామూలు వేగంతోనే నడవాలి. అందుకని మనల్ని ఎన్ని బండ్లు దాటితే మనమూ అన్నే దాటాలి, చివరికి తేడా సున్నా రావాలి. మా డ్రైవర్ భయ్యాకి ఇది పరువు తక్కువ పని. లారీ వెనక నడవడం వాళ్ల వంశంలోనే లేదు (తనే చెప్పాడు). నా మొదటి రెండు సర్వేలూ చూసి మా సారు "ఇది సర్వే కాదమ్మా, పందెం" అని పక్కన పడేశారు. మూడోది కూడా చెడితే నివేదిక ఆగిపోతుంది, మాట పడేది నేను.

సరిగ్గా దాని ముందు రోజు శ్రీకాకుళం నుంచి ఫోను వచ్చింది. మా మేనత్తకి చివరి ఘడియలట, "అన్నయ్యని పిలవండి" అంటోందట. ఆ అన్నయ్య మా ఊళ్లోనే కద్మాలో ఉండే మా పెదనాన్న, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆమె ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. మా నాన్న అప్పటికే అక్కడికి వెళ్లి ఉన్నారు. మర్నాడు మా వైపు రైలు లేదు, రాంచీ నుంచి మధ్యాహ్నం విమానానికి టికెట్ దొరికింది. ఆఫీసు కారు ఎలాగూ అక్కడికే కనక సారుని అడిగి, నేను దింపుతానన్నాను. "సీకటుండగానే బేగి ఎల్లిపోదాం అమ్మీ. షిఫ్టుకి ముప్పావుగంట ముందే గేటుకాడుండీవోడ్ని నాను" అన్నారు పెదనాన్న. "ఆ దారి నాకు కంఠస్థం పెదనాన్నా, ఎనిమిదికి బయల్దేరితే చాలు" అని ధీమాగా చెప్పాను. (సర్వే ఎనిమిదికే మొదలవ్వాలన్న సంగతి మాత్రం చెప్పలేదు.)

చాండిల్ దాటాక లారీల బారు మొదలైంది. వెనక సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెదనాన్న ఏం రాస్తున్నావని అడిగితే నియమం చెప్పాను. అంతే, ఆయనకు డ్యూటీ దొరికింది. "మనల్ని రెండు దాటీసినాయి, మనం ఒకటే దాటినాం" అని వేళ్లు ముడుస్తూ లెక్క చెప్పేవారు. భయ్యా ఊపు మీద రెండు దాటేస్తే, "ఒకటెక్కువైపోనాది బాబూ, ఆగు, దాన్ని పోనీ" అనేవారు. చివరికి భయ్యా విసుగెత్తి, "ఫ్లైట్ బాబూజీది హై, యా లారీవాళ్లది?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. అందరం నవ్వాం. పెదనాన్నే ఎక్కువ నవ్వారు.

బుండూ దగ్గర రోడ్డు పనులు. ఒకే వరస వదులుతున్నారు. అక్కడ ఆగిపోయాం, చాలాసేపు. కదిలాక భయ్యా మెల్లగా, "ఆ కాగితం మూసేయండి మేడమ్. ఇక్కణ్ణించి నన్ను నడపనిస్తే అందుకుంటాం" అన్నాడు హిందీలో. గడియారం చూశాను. నిండిన కాగితం చూశాను. తర్వాత పెదనాన్న ముఖం చూశాను. "రాసుకో అమ్మీ. సగంలో ఒగ్గీసిన పని పనేటి? ఇమానం ఉంటాదిలే" అన్నారు. ఆయన ఒక్క మాట అడిగి ఉంటే మూసేసేదాన్నేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అడగరని తెలుసు కనకే ఆయన వైపు చూశాను.

విమానాశ్రయం చేరేసరికి నా తేడా సున్నా. కౌంటరు మూసి పది నిమిషాలైంది. మర్నాటి విమానానికి టికెట్ మార్పించి వచ్చేసరికి పెదనాన్న కుర్చీలో కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నారు. అవతల ఎవరో ఫోను మేనత్త చెవి దగ్గర పెట్టినట్టున్నారు. "వత్తన్నాను సెల్లమ్మా. దార్లోనే ఉన్నాను. నానొచ్చీదాకా తొంగోకు" అంటున్నారు. అక్కడే నిలబడి ఏడ్చాను. మేనత్త తెల్లవారుజామున పోయింది. ఆయన అంత్యక్రియలకే అందుకున్నారు.

కర్మకాండలు అయ్యాక ఆయన కద్మా వచ్చారు. ఇంటినిండా పరామర్శకు వచ్చినవాళ్లు. విమానం ఎలా తప్పిందని ఎవరో అడిగారు. మా నాన్న నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే పెదనాన్న అందుకుని, "దీని తప్పేటీ నేదు. మేం టయానికే ఎల్లినాం. ఇమానమే ముందెల్లిపోనాది" అన్నారు. అంత దుఃఖంలోనూ పిన్ని నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విమానం ముందెలా వెళ్తుందని ఎంతమంది వాదించినా ఆయన మాట మార్చలేదు. వాళ్లంతా వెళ్లాక నన్ను పిలిచి, "మీ సారు ఒప్పుకున్నాడా?" అని అడిగారు. ఒప్పుకున్నారన్నాను. "మరింకేటి" అన్నారు. తాను పోయేవరకూ ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు అలాంటి నివేదికల మీద సంతకం పెట్టేది నేనే. విమానాశ్రయానికి పట్టే సమయం కుర్రాళ్లు నిమిషాలతో సహా లెక్కగట్టి తెస్తే, దాని మీద ఒక గంట కలుపుతాను. ఏ ఆధారంతో మేడమ్, అని అడుగుతారు. "ఒక్కోసారి విమానం ముందే వెళ్లిపోతుంది" అంటాను. మేడమ్‌కి వయసు మీద పడుతోందని వాళ్లు నవ్వుకుంటారు. నేనూ నవ్వేస్తాను. ఆయన అంత పట్టుదలగా నిలబెట్టిన మాటని నేను మాత్రం ఎలా కాదంటాను?