కాయలు కాయని వేళ్లు

మా గిటారు మాస్టరు పాట వినకముందు వేళ్లు చూసేవాడు. ఉప్పల్‌లో ఒక చెప్పుల దుకాణం పైన, డాబా మీద వేసిన రేకుల షెడ్డే ఆయన క్లాసు. ఆదివారం పొద్దున మేమంతా చాపల మీద కూర్చోగానే "వేళ్లు సూపెట్టున్రి" అనేవాడు. అందరం ఎడమ చేతులు చాపేవాళ్లం. బడిలో గోళ్లు చూసే పంతులమ్మలా ఒక్కొక్కరి వేలికొసలూ తన బొటనవేలితో నొక్కి చూసేవాడు. కొసలు గట్టిపడి కాయలు కాస్తే వారమంతా సాధన చేసినట్టు, మెత్తగా ఉంటే గిటారు గోడకు వేలాడినట్టు. నోరు అబద్ధమాడొచ్చు గానీ వేలు ఆడదని ఆయన సిద్ధాంతం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి.

నా వేళ్లు ఎప్పుడు చూసినా మెత్తగానే ఉండేవి.

"ఈ వారం గుడ పట్టలేదా తమ్మీ?"

"రోజూ పట్టిన అన్నా."

"వేళ్లయితే గట్ల చెప్తలేవు."

పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ షెడ్డులో నా అంత సాధన చేసేవాడు ఇంకొకడు లేడని ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాణ్ని. మాత్రలకు కావలసిన పొడి అక్కడ తయారయ్యేది. డ్రముల్లోంచి ద్రావకాలు ఒంపడం, తడి పొడిని ట్రేలకెత్తడం, ట్యాంకులు కడగడం నా పని. షిఫ్టు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా మోచేతుల వరకు రబ్బరు గ్లోవ్స్ ఉండాల్సిందే. లోపల చెమట పట్టి, మూటెడు బట్టలు ఉతికినట్టు చేతులు నానిపోయేవి. ముందు రోజు తీగల మీద రాపాడించి సంపాదించుకున్న కాస్త గట్టి తోలూ గ్లోవ్స్ తీసేసరికి తెల్లగా ఊడొచ్చేది. కింద మళ్లీ పసిపిల్లల చర్మం. సాయంత్రం దాని మీద మళ్లీ ఇనుప తీగలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదంతా మాస్టరుకు చెప్పాను. "అందరికి పనులున్నయ్ తమ్మీ. నువ్వొక్కనివే కష్టపడుతున్నవా?" అన్నాడు. అక్కడితో చెప్పడం మానేశాను.

మా బ్యాచిలో ఎవరి పిచ్చి వారిది. ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లిద్దరు ఏదో ఇంగ్లిషు పాటలో మొదటి ముక్క ఒక్కటే నెలల తరబడి వాయించేవాళ్లు. అది కాగానే పాట మొత్తం అయిపోయినట్టు లేచి టీకి వెళ్లేవాళ్లు. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి కుడిచేతి ఊపు మాత్రం నేర్చుకునేది, ఎడమచేతి సంగతి అడిగితే "అది వచ్చే నెల" అనేది. రైల్వేలో రిటైరైన గుంటూరు వైపు పెద్దాయన ఒకరుండేవారు, అందరం అంకుల్ అనేవాళ్లం. ఆయన ఒకే తీగ మీద ఒక పాత సినిమా పాటను, పోయిన తాళంచెవి వెతుక్కున్నట్టు, ఒక్కొక్క స్వరమే వెతుక్కునేవారు. పల్లవి దాటి చరణంలో అడుగుపెట్టిన రోజు షెడ్డంతా చప్పట్లు కొట్టాం. ఇక నాది ఎఫ్ కార్డు, నాలుగు వేళ్లతో కొన్ని స్వరాలను కలిపి ఒక్కసారే పలికించే పట్టు. చూపుడువేలిని అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒక్కసారే అదమాలి, మిగతా మూడు వేళ్లతో మరో మూడు చోట్ల నొక్కాలి. గిటారు నేర్చుకోబోయిన వాళ్లలో చాలామంది ఆ కార్డు దగ్గరికొచ్చి దండం పెట్టి వెళ్లిపోతారు. నాకు వెళ్లిపోయే వీలు లేదు.

ఎందుకంటే మాస్టరుకు ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లు, వినాయక మండపాలు, అంబర్‌పేట దాకా ఎవరు పిలిచినా వెళ్లేవాళ్లు. అందులో గిటారు వాయించే అతను బెంగుళూరుకు వెళ్లిపోతున్నాడు.

"నీకు చెవి ఉన్నది తమ్మీ, చెయ్యే లేదు" అన్నాడు మాస్టరు ఒక ఆదివారం నన్ను పక్కకు పిలిచి. "దసరా దాంక టైమున్నది. ఎఫ్ సాఫ్‌గ పలికిస్తే ఆ కుర్చీ నీదే. హబ్సిగూడల ఒక బడి ఉన్నది, పిల్లలకు నేర్పే పని గుడ ఇప్పిస్త. ఆ కంపెనీ ఇడ్సిపెట్టు."

కంపెనీ విడిచిపెట్టు. ఆ మాట అన్న నోటికి పాలాభిషేకం చేయాలనిపించింది. ఎంత సబ్బు రుద్దినా పోని వాసన నాది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కిటికీ తెరిచేవాళ్లు. సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోయేది. మా సెక్షన్‌లోనే పనిచేసే ఒకన్న, ముసలితనం ఇంకా చాలా దూరంలో ఉన్నవాడు, ఒక అంతస్తు ఎక్కలేక మెట్ల మధ్యలో కూర్చుని రొప్పేవాడు. నన్ను చూసి "నువ్వు నడువు, నేనొస్త" అని నవ్వేవాడు. ఆ కుర్చీ దొరక్కపోతే కొన్నాళ్లకు నేనూ ఆ మెట్ల మీదే కూర్చుంటానని నాకు తెలుసు. అందుకే భయపడ్డాను, అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

చేయని వైద్యం లేదు. పటిక నీళ్లలో వేళ్లు ముంచాను. స్పిరిట్ రాశాను. జిగురు పూసి ఆరబెట్టాను. చిల్కానగర్‌లో మా గది గోడకు వేలికొసలు రాకుతూ కూర్చుంటే నా భార్య చూసి, "పిచ్చి గిట్ల లేసిందా?" అంది. రాష్ట్రం కోసం జనమంతా రోడ్ల మీద ఉన్న రోజులవి. బంద్ అయితే కంపెనీ బస్సు వచ్చేది కాదు, నా చేతులకు కాస్త గాలి తగిలి కాయ మొదలయ్యేది. డ్యూటీ పడగానే మళ్లీ మొదటికొచ్చేది. అందరూ రాష్ట్రం కోసం బంద్ పెడుతుంటే నేను వేళ్ల కోసం ఇంకో బంద్ రావాలని మొక్కుకున్నాను. ఎదురుచూసి చూసి కళ్లు కాయలు కాచాయి గానీ వేళ్లు మాత్రం కాయలేదు.

దసరా దగ్గరపడుతుండగా నాకో ఉపాయం తట్టింది. ఎడమచేతి గ్లోవ్‌కు నాలుగు వేళ్ల కొసలూ కత్తెరతో కోసేశాను. గాలి ఆడితే వేళ్లు నానవు కదా! సూపర్‌వైజర్ వచ్చినప్పుడు ఆ చేతిని డ్రమ్ము చాటుకు తిప్పేవాణ్ని. ఇంత తెలివి ఇన్నాళ్లు ఎక్కడ దాక్కుందని నన్ను నేనే మెచ్చుకున్నాను. ద్రావకం తగిలితే మొదట చల్లగా ఉండేది, తర్వాత చురచుర. మంట పుడితే పుట్టనీ అనుకున్నాను. కొన్నాళ్లకు మంట కూడా పోయింది. కొసలు తెల్లబడి, పగుళ్లిచ్చి, ఎండిన తోలులా బిగుసుకున్నాయి.

ఆ ఆదివారం మాస్టరు నా వేళ్లు నొక్కి ఆగిపోయాడు. మళ్లీ నొక్కాడు.

"ఇగో, ఇప్పుడు పట్టినవ్ తమ్మీ! సూడున్రి, వేళ్లంటే గిట్లుండాలె."

నా చేతిని పైకెత్తి అందరికీ చూపించాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్నాళ్లుగా నిజం చెప్తే నమ్మని మనిషి ఆ రోజు నమ్మాడు. ఇంటికెళ్లి అన్నం కూడా తినకుండా ఎఫ్ కార్డు పట్టాను. నొప్పి లేదు. ఎంత సేపు వాయించినా నొప్పి లేదు. నా కష్టాలు గట్టెక్కాయని నా భార్యతో అన్నాను.

దసరాకు ముందు ఆదివారం ఆర్కెస్ట్రావాళ్లు షెడ్డుకు వచ్చారు. కీబోర్డు అతను, డ్రమ్స్ అతను చాప మీద కూర్చున్నారు. నేను మొదలుపెట్టాను. ఎఫ్ పడింది గానీ ఒక తీగ బుస్సుమంది. ఇంకాస్త నొక్కాను. "జర సడలించు తమ్మీ, మస్తు గట్టిగ పడుతున్నవ్" అన్నాడు మాస్టరు. సడలించాను, కార్డు మొత్తం మూగబోయింది. ఎంత నొక్కుతున్నానో, అసలు తీగ మీద ఉన్నానో పక్కన ఉన్నానో, తల వంచి చూసుకుంటే తప్ప తెలియడం లేదు. చెమటలు పట్టాయి.

"టెన్షన్ పడుతున్నడు. చాయ్ తాగి మళ్ల కూసుందం" అన్నాడు డ్రమ్స్ అతను.

కింద హోటల్ నుంచి చాయ్ వచ్చింది, స్టీలు గ్లాసుల్లో, పొగలు కక్కుతూ. నేను ఒకటి తీసుకుని, వాయించిన పాటనే మనసులో మళ్లీ వాయించుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి షెడ్డులో మాటలు ఆగిపోయినట్టు అనిపించి తలెత్తాను. అందరూ చేతిరుమాళ్లతోనో చొక్కా కొసలతోనో గ్లాసులు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. నేను ఎడమచేతి బొటనవేలు గ్లాసు అంచుకు ఆనించి, మిగతా వేలికొసలతో దాన్ని ఊరికే పట్టుకుని ఉన్నాను.

"కాలట్లేదా నాయనా?" అన్నారు అంకుల్ మెల్లగా.

మాస్టరు గ్లాసు లాక్కుని కింద పెట్టాడు. నా చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. నేను సిగ్గుతో అంకుల్ వైపు చూస్తున్నాను.

"తెలుస్తున్నదా?" అన్నాడు మాస్టరు.

"ఏంది అన్నా?"

"నొక్కుతున్న తమ్మీ."

తిరిగి చూశాను. ఆయన గోరు నా చూపుడువేలిలో దిగిపోయి ఉంది.

గ్లోవ్స్ సంగతి చెప్పాను. ఆయన ఆ చేతిని వదల్లేదు. "నేనేం అడిగిన్రా, నువ్వేం జేసినవ్‌రా" అని రెండుసార్లు అన్నాడు. అంతవరకు నన్ను రా అని ఎప్పుడూ పిలవలేదు.

దవాఖానలో డాక్టరమ్మ తోలు మాడిపోయిందని, లోపల నరాల సంగతి ఇప్పుడే చెప్పలేనని అంది. తీగలు ముట్టుకోవద్దంది, డ్రములూ ముట్టుకోవద్దంది. తీగలు ముట్టుకోకుండా బతకొచ్చు, డ్రములు ముట్టుకోకపోతే తినేది ఏమిటి? కొత్త గ్లోవ్స్ తొడుక్కుని మళ్లీ అదే సెక్షన్‌కు వెళ్లాను. ఇంజినీరింగ్ కుర్రాళ్లలో ఒకడు రెండో ముక్క కూడా నేర్చుకున్నాడు, కుర్చీ వాడికి దక్కింది. మాస్టరు మాత్రం ఆ తర్వాత క్లాసులో వేళ్లు చూడటం మానేశాడని అంకుల్ చెప్పారు.

రోజూ సాయంత్రం నా భార్య కొబ్బరినూనె రాసి, నన్ను కళ్లు మూసుకోమని ఒక వేలు పట్టుకునేది. "ఏ వేలు?" అనేది. నేను చూపుడువేలు అనేవాణ్ని, కాదనేది. ఉంగరం వేలు అనేవాణ్ని, కాదనేది. కొన్నిసార్లు తను అసలు పట్టుకోకుండా అడుగుతోందేమో అనిపించి ఏడుపొచ్చేది. మాడిన తోలు పొరలు పొరలుగా గ్లోవ్స్‌లోనే రాలిపోయింది. నెలలు గడిచాయి. గిటారు గోడకు వేలాడుతూనే ఉంది, ఈసారి నిజంగానే.

ఒక సాయంత్రం దాని మీద దుమ్ము తుడవబోయి, ఏమైతే అదవుతుందని ఎఫ్ కార్డు పట్టాను. తీగలు బుస్సుమన్నాయి. ఇంకా గట్టిగా నొక్కాను. చూపుడువేలిలో చురుక్కుమంది.

నేను అరిచిన అరుపుకు నా భార్య పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? కోసుకున్నదా?"

"నొప్పి పుడుతున్నదే" అన్నాను. ఏడుపు ఆగలేదు. పొద్దున షిఫ్టుకు వెళ్లాలి, గ్లోవ్స్ తలుపు వెనక వేలాడుతూనే ఉన్నాయి. తను నా పక్కన నేల మీద కూర్చుని, నా మెత్తని వేళ్లకేసి చూసింది.

"ఏదీ, మళ్లొకసారి నొక్కు" అంది.

నొక్కాను. నొప్పి పుట్టింది.