ఎదురు జట్టుకు మెమో

పరంధామయ్యకు కోపం రాదు. మెమో వస్తుంది.

నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పనిచేసి, వెంట్రుకంత గీత ఉన్న బేరింగునల్లా వెనక్కి పంపిన మనిషి. రిటైరయ్యాక వెనక్కి పంపడానికి సరుకు దొరకలేదు. దాంతో మనుషుల మీద పడ్డాడు. ఏఎస్ రావు నగర్ వెళ్లి డజను ప్యాడ్లు, కార్బన్ పేపర్లు కొనుక్కొచ్చాడు. మొదటి మెమో భార్య సుబ్బులుకు: ‘పప్పుచారులో ఉప్పు నిర్ణీత ప్రమాణాన్ని మించినట్లు గమనించడమైనది. ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వవలెను.’ ఆవిడ దాన్ని మడిచి, వేడి గిన్నె దించడానికి వాడుకుంది. రెండోది పాలవాడికి. మూడోది వీధి కుక్కకు. కుక్క వేలిముద్ర వేసి మరీ తీసుకుందని ఉమామహేశ్వర్ చెబుతాడు. ఉమామహేశ్వర్ చెప్పినదాంట్లో సగం తీసేయాలి. ఏ సగమో మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

ఉమామహేశ్వర్‌కు నాచారం చౌరస్తాలో ఇన్వర్టర్ బ్యాటరీల షాపు. పాలిటెక్నిక్ రెండో ఏడులో ఆగిపోయాడు. తాను మానలేదని, కాలేజీయే తనను అందుకోలేక మధ్యలో నిలబడిపోయిందని అంటాడు. ఒకసారి లారీ బ్యాటరీని ఒంటి చేత్తో ఉప్పల్ దాకా మోసుకెళ్తే ట్రాఫిక్ పోలీసు సెల్యూట్ కొట్టాడట. అలాంటి వాడి నోరు కూడా పడిపోయేలా చేసినవి పరంధామయ్య మెమోలే.

దానికి కారణం బ్రిడ్జి. కార్మిక సంఘం హాలు మీది గదిలో రోజూ సాయంత్రం ఐదింటికి నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒక జట్టు. ఆటకు ముందు వేలంపాట ఉంటుంది. మా జట్టు ఇన్ని పట్లు పడుతుందని ఒకడు పాట మొదలుపెడితే, అవతలి జట్టువాడు మధ్యలో దూరి తనూ పాడొచ్చు. దాన్ని ఓవర్‌కాల్ అంటారు. చేతిలో సరుకుంటే సరే. లేకుండా దూరితే మునిగేది తనొక్కడే కాదు, ఎదురుగా నమ్ముకుని కూర్చున్నవాడు కూడా. పరంధామయ్య లెక్క ప్రకారం లోకంలో యుద్ధాలు, విడాకులు, కంపెనీల లాకౌట్లు, అన్నీ బలం లేని ఓవర్‌కాల్ వల్ల వచ్చినవే.

ఉమామహేశ్వర్‌ను అక్కడ ఉమ అంటారు. వాడి జట్టు త్రిమూర్తులుతో. రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు. పాట తప్ప మాట ఉండదు. ఇంట్లో రెండోసారి కూర వడ్డించబోయినా ‘పాస్’ అంటాడని వినికిడి. పరంధామయ్య జట్టు ఇరవై రెండేళ్లుగా ఉప్పలయ్యతో. జనగామ వైపు మనిషి, అదే ఫ్యాక్టరీలో టర్నర్. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. ఆ సంగతి రోజుకు ఒకసారైనా చెప్పకపోతే ఆయనకు టీ దిగదు. బల్ల దగ్గరా అంతే. ఉప్పలయ్య ‘టూ హార్ట్స్’ అన్నాడంటే ఇల్లు కట్టుకోవచ్చు. ఆ గదిలో పరంధామయ్య కలం అంటుకోని మనిషి ఆయనొక్కడే.

రెండువేల పదకొండులో వానలు పడేవేళ, ఒక పొద్దున ఉప్పలయ్య మూతి పక్కకు పోయింది. పదకొండు రోజులు దవాఖానాలో ఉన్నాడు. రెండు నెలలకు మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. మాట బాగానే ఉంది, నవ్వు బాగానే ఉంది. ఆ సాయంత్రం ఉమ ‘వన్ స్పేడ్’ అని మొదలుపెట్టగానే ఉప్పలయ్య నిబ్బరంగా ‘టూ డైమండ్స్’ అన్నాడు. ఆట ముగిశాక చూస్తే నాలుగే డైమండ్లు, ఆసులకు, బొమ్మలకు కట్టే లెక్కలో మొత్తం కలిపి ఐదు పాయింట్లు. అలా దూరడానికి కనీసం పది ఉండాలి. జట్టు ఐదు పట్లు తక్కువై కూలబడింది.

ముగ్గురూ పరంధామయ్య కలం వైపు చూశారు. ఆయన కార్బన్ సర్దాడు. రాశాడు. చింపాడు. బల్ల మీదుగా జరిపాడు. కాగితం వచ్చి ఉమ మోచేతి దగ్గర ఆగింది.

‘బలమైన కారణం లేకుండా పాట మొదలుపెట్టి, ఎదురు జట్టు సభ్యుణ్ణి ఓవర్‌కాల్‌కు ప్రేరేపించినందుకు...’

“సార్, పాట పాడింది మామ. మునిగింది మీరు. నాకు మెమో ఏంది?”

“నువ్వు మొదలుపెట్టకపోతే ఆయన మధ్యలో దూరేవాడా? మూలకారణం చూడాలయ్యా. ఇన్‌స్పెక్షన్ అంటే అదే.”

ఉమ తన జట్టువైపు న్యాయం కోసం చూశాడు. త్రిమూర్తులు “పాస్” అన్నాడు.

అప్పటి నుంచి వరుస. ఉప్పలయ్య తప్పు పాడిన ప్రతిసారీ మెమో ఉమకే. ముక్కలు పంచుతూ నవ్వినందుకు ఒకటి. గళ్ల చొక్కా వేసుకొచ్చి ఎదుటివారి ఏకాగ్రతను చెదరగొట్టినందుకు ఒకటి. సకల జనుల సమ్మె రోజుల్లో బస్సులు లేక, కస్టమర్ దగ్గర ఇరుక్కుని పీర్జాదిగూడ నుంచి కాళ్లీడ్చుకుంటూ పావుగంట ఆలస్యంగా వస్తే, సమ్మె నెల ముందే ప్రకటించారని, అప్పుడే బయలుదేరి ఉండాల్సిందని ఒకటి. డిసెంబరుకు అరవై మూడయ్యాయి. పగలంతా బ్యాటరీలు ఎత్తి నడుము, సాయంత్రమంతా సంజాయిషీలు రాసి వేళ్లు నొప్పి. షాపులో కూర్చుని కోతలు కోయడానికి కూడా ఓపిక పోయింది. ఏం కోసినా అరవై మూడు మెమోల నిజం ముందు చప్పగా ఉండేది. ముసలాయన దోస్తును వెనకేసుకొచ్చి తనను బలి చేస్తున్నాడని వాడి బాధ.

ఒక ఆదివారం పొద్దున అరవై మూడు కాగితాలూ ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, ఇక ఆటకు రానని మొహం మీదే చెప్పేద్దామని ఉప్పల్‌లో పరంధామయ్య ఇంటికి వెళ్లాడు. ఆయన కూరగాయలకు వెళ్లాడు. సుబ్బులు కుర్చీ వేసింది. కవరు చూసి, మీవీ పోగేశారా అని, అలమరలోంచి ఒక ఫైలు తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది.

“ఆయన రెండేసి రాస్తాడు బాబూ. ఒకటి అక్కడ మీకు. ఇంటికొచ్చాక ఇందులోకి ఇంకోటి.”

ఫైలు మీద ‘ఉప్పలయ్య’ అని ఉంది. లోపలవన్నీ మెమోలు. తేదీలు ఉమ మెమోలవే. ‘నాలుగు డైమండ్లు, ఐదు పాయింట్లతో టూ డైమండ్స్ పాడుట తీవ్రమైన తప్పిదము’ అని శుభ్రంగా రాసుంది. కింద ఎర్ర సిరాతో: ‘జారీ చేయరాదు. కారణం: మొన్న నా పేరు మరిచాడు. ఈరోజు గుర్తు పెట్టుకున్నాడు.’ తర్వాతి దాని కింద: ‘జారీ చేయరాదు. కారణం: ఆట అయ్యాక రెయిలింగు పట్టుకోకుండా మెట్లు దిగాడు.’

ఉమ పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. సుబ్బులు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తప్పు చూసి రాయకుండా ఉండటం ఈయనకు చేతకాదు. తన పాటలో ఒక్క తప్పు బయటపడినా ముక్కలు మళ్లీ ముట్టనని ఉప్పలయ్య ఇంట్లో అన్నాడట. ఆటకు పోని రోజు గోడకేసి చూస్తూ కూర్చుంటాడని, పోయి వచ్చిన రోజు మాత్రం అన్నం అడిగి తింటాడని ఆయన భార్య వెంకటనర్సమ్మ వచ్చి చెప్పి వెళ్లింది.

“అది సరే అమ్మా. మధ్యలో నేను దొరికిన్నా?”

“మీరు గట్టి సరుకట బాబూ. ఎంత బరువు పెట్టినా వంగదు, సాయంత్రానికి మళ్లీ వస్తుంది అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన నోట ఎవరి గురించీ ఓకే అన్న మాట నేను వినలేదు.”

ఉమ కాఫీ తాగి, కవరు చంకన పెట్టుకుని వచ్చేశాడు. ఆయన వచ్చేదాకా ఆగలేదు.

మర్నాడు ఐదింటికి నలుగురూ కూర్చున్నారు. ఉమ ‘వన్ స్పేడ్’. ఉప్పలయ్య ‘టూ హార్ట్స్’. త్రిమూర్తులు ‘డబుల్’ అని, అంటే మునిగితే రెట్టింపు అని, కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ ఐదు తక్కువ. ఆ బల్ల మీద ఆడిన ముక్కలు ఎవరివి వాళ్ల ముందే ఉంటాయి. ఉప్పలయ్య తనవి తిరగేసి వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

“పరంధామన్నా, నా తాన హార్ట్స్ నాలుగే ఉన్నయి. బొమ్మ సుత ఒక్క జాకీయే. గింత దానికి నేనెట్ల పాడిన?”

పరంధామయ్య కలం ప్యాడ్ మీద ఆగిపోయింది.

“ఇది నా తప్పే గదా? సక్కగ జెప్పు.”

తప్పును పక్కవాడి మీదికి తోయడం వేరు. సూటిగా అడిగితే చెడ్డ సరుకును మంచిదనడం వేరు. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అనని మనిషి. ఉప్పలయ్య ముక్కల్ని ఒద్దికగా దొంతర చేసి, ఇక మళ్లీ తీయనన్నట్టు బల్ల మధ్యకు జరపబోయాడు.

“సార్, నాకు మెమో ఇంకా రాలే,” అన్నాడు ఉమ.

అందరూ అటు తిరిగారు.

“పన్నెండన్న ఉండాల్సిన కాడ పదకొండు పాయింట్లతోని ఓపెన్ జేసిన. గట్ల జేస్తే ఎవ్వడైనా మోసపోతడు. మామ నన్ను నమ్మి దూరిండు. గిది నా కేసు. రాయున్రి జల్ది, నేను షాపు తాళం సుత వెయ్యకుండ వచ్చిన.”

తప్పు తనదని ఉమామహేశ్వర్ ఒప్పుకోవడం నాచారం చరిత్రలో అదే మొదలు. త్రిమూర్తులు కళ్లజోడు తీసి మరీ చూశాడు. పరంధామయ్య ఒక్క క్షణం ఉమ ముందున్న ముక్కల వైపు చూసి, కార్బన్ సర్దుకున్నాడు. రాశాడు. చింపాడు. ఈసారి మడిచి ఇచ్చాడు.

ఉప్పలయ్య ముక్కలు వెనక్కి లాక్కుని, కుర్చీలోకి ఒరిగి ఊపిరి పీల్చాడు. ఉమ భుజం తట్టాడు.

“ఫికర్ జెయ్యకు బిడ్డా. మెమో అంటే పానం పోదు. ముప్పై ఒక్క ఏండ్లల్ల నాకు ఒక్కటి రాలే గాని, వచ్చినోళ్లను మస్తు మందిని జూసిన. నా పక్కన గూసో, ఎట్ల పాడాల్నో నేర్పిస్త.”

“నేర్పు మామా,” అన్నాడు ఉమ.

“ఏం రాసిండు?”

ఉమ కాగితం విప్పాడు.

‘మెమో నెం. 64. శ్రీ ఉమామహేశ్వర్‌కు. చేతిలో పద్నాలుగు పాయింట్లు ఉండగా పదకొండేనని నలుగురి ఎదుట అబద్ధమాడినట్లు గమనించడమైనది. పాటలో లోపము లేదు. సంజాయిషీ అక్కరలేదు. చర్య: రేపు ఐదింటికి తప్పక హాజరు కావలెను. టీ నాది.’

“గదే మామా,” అన్నాడు ఉమ, కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుంటూ. “పదకొండు గురించే.”

త్రిమూర్తులు ముక్కలు పంచడం మొదలుపెట్టాడు.