తెర లోపల ఉన్నదెవరు

మా ముత్తాత చుట్టుపక్కల ఊళ్ల నేతవాళ్లకు కులపెద్ద. ఎవరి తగవైనా ఆయన ముందుకే వచ్చేది. ఆయన వచ్చి కూర్చునేదాకా భాగోతంలో తెర పట్టేవాళ్లు కాదు. మా తాత ఆ పెద్దరికాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. మగ్గాల మీద బతికే కుర్రాళ్లను పోగుచేసి, గురువును ఇంట్లోనే పెట్టుకొని, ఏడాది పొడుగునా తిండి పెట్టి భాగోతం నేర్పించాడు. పొనికి చెక్కతో కిరీటాలు, భుజకీర్తులు చేయించాడు. మా మేళం ఆడుతోందంటే పక్క తాలూకా నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవారు. మా నాన్న నాటికి మగ్గాలు పోయాయి, మేళం పోయింది, మా మాటకు ఉన్న విలువ పోయింది. ఆయన సూరత్ వచ్చి పరాయివాళ్ల కార్ఖానాలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు. ఆ దూదిపొట్టులోకి కూడా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతోనే వెళ్లేవాడు. నవ్వేవాళ్లు నవ్వారు. ఆయనకు నేనొక్కదాన్నే సంతానం. గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. సూరత్‌లో మన నేతవాళ్లు పెట్టుకున్న సమాజం వాళ్లు నన్ను ఎక్కడ కూర్చోబెట్టారో చెప్పబోతున్నాను. అది అర్థం కావాలంటే నేను ఎవరి మునిమనుమరాలినో తెలియాలి.

నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉండేది సూరత్‌లోనే, కోసాడ్ ఆవాస్ కాలనీలో. బిల్డింగు కింద స్కూటర్లు పెట్టే జాగాలో, ఆదివారాలు, మన పిల్లలకు భాగోతం నేర్పుతున్నాను. జీతం లేదు, ఫీజు లేదు. స్కూటర్లు అటూ ఇటూ జరుపుకోవాలి, అంతే.

ఈ పిల్లలకు ఇంట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ. మూడు భాషలూ వస్తాయి, మూడింటిలోనూ తల దించుకుంటారు. దవాఖానాలో చీటీ రాసేవాడు ఒక్క మాట గట్టిగా అడిగితే నోరు పెగలదు. స్కూలు గుమస్తా కసిరితే కాగితం అక్కడే వదిలి వచ్చేస్తారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. పుట్టినప్పటి నుంచి వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. ఏయ్, ఇటు రా, అది ఎత్తు, ఇది మొయ్యి. ఇంతే వాళ్లు విన్న సంభాషణ.

అందుకే నేను పాటతో మొదలుపెట్టను, తెరతో మొదలుపెడతాను. భాగోతం చూసిన పెద్దవాళ్లందరికీ ఆ తెర తెలుసు. ఇద్దరు చెరో కొస పట్టుకొని నిలబడతారు. వేషం దాని వెనుక ఉంటుంది. పైన కిరీటం కొన, కింద గజ్జెల కాళ్లు, అంతే కనిపిస్తాయి. ఇవతలి నుంచి హాస్యగాడు అడుగుతాడు: తెర లోపల ఉన్నదెవరు, ఏ దేశం, ఎవరి బిడ్డలు, ఏ పని మీద వచ్చారు? లోపలివాళ్లు అన్నిటికీ జవాబు చెప్పాలి. చెబుతున్నంతసేపూ ఎవరూ అడ్డు రాకూడదు. దొర చూస్తున్నా సరే, పటేలు చూస్తున్నా సరే, నోరు మూసుకొని వినాల్సిందే. చెప్పడం పూర్తయ్యాక, అడిగినవాడే సభలోకి దయచేయమనాలి. అప్పుడు తెర దిగుతుంది. మా మేళంలో ఈ కట్టుబాటు తప్పినవాడు ఒక్కడూ లేడు.

నేను ఈ కట్టుబాటులో చిన్న మార్పు చేశాను. రాజు వేషమో రాణి వేషమో వేసేముందు, ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ తన గురించే చెప్పాలి. నువ్వెవరు, ఎక్కడుంటావు, ఎవరి బిడ్డవు, ఏం కావాలని వచ్చావు. తెర పట్టేవాళ్లకూ పాఠం ఉంటుంది: చేతులు ఎంత లాగినా, లోపలి మనిషి చెప్పుకోవడం పూర్తయ్యేదాకా దించకూడదు. ఇంకొకరు చెప్పుకొనేదాకా చేతులెత్తి ఓపిగ్గా నిలబడడం మన పెద్దల్లో ఎంతమందికి వచ్చో చూడండి.

నాలుగో అంతస్తులో ఒక అమ్మాయి. పదో తరగతి చదువుతూ, మిగిలిన వేళంతా వాళ్లమ్మతో కలిసి చీరలకు రాళ్లంటించేది. కింద చప్పుడు విని వచ్చి స్తంభం పక్కన నిలబడేది. తెర వెనక్కి పంపితే నిలబడి నిలబడి వెళ్లిపోయేది. పిల్లలు దాన్ని మూగది అన్నారు. వాళ్లను నేను ఏమీ అనలేదు, దాన్నీ బతిమాలలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ బతిమాలి భాగోతం ఆడించలేదు. వారం తర్వాత వారం అది వచ్చి తెర వెనుక నిలబడింది, మేము ఎదురుచూశాం, అది వెళ్లిపోయింది. ఒక ఆదివారం తన పేరు చెప్పింది. తర్వాత ఇల్లు చెప్పింది. ఏం కావాలని వచ్చావన్న ప్రశ్న దగ్గర మాత్రం మళ్లీ ఆగిపోయేది.

ఎండలు మొదలయ్యాక పిల్లలందరినీ డుమస్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లాను. సముద్రం వైపు తిరిగి, ఆ హోరు మీదుగా నాకు వినబడేలా పలకమన్నాను. భజియా బండ్ల వాళ్లు గరిటెలు ఆపి చూశారు. అందరికంటే దూరంగా నిలబడి, అందరికంటే స్పష్టంగా పలికింది ఆ అమ్మాయే. రాజు వేషం దానికే ఇచ్చాను. ఆడపిల్లకు రాజు వేషమా అని కొందరు తల్లులు నసిగారు. మీ అబ్బాయి గొంతు అంత దూరం వినిపిస్తే వాడికే ఇస్తాను, తీసుకురండి అన్నాను. ఎవరూ తీసుకురాలేదు.

జూన్ వచ్చింది. అమ్మాయి పది పాసైంది. పదకొండులో పేరు రాయించే రోజులు దాటిపోతున్నా వాళ్ల నాన్న కదల్లేదు. ఆయన మంచివాడే, పాండేసర వైపు ఒక కార్ఖానాలో సాంచెలు నడుపుతాడు. ఆ కార్ఖానా సేఠ్ మనవాడే, మన సమాజానికి అధ్యక్షుడు కూడా. పిల్లను పైచదువుకు పంపాలన్నా, లగ్గం చూడాలన్నా ముందు సేఠ్ చెవిన వేయాలి. నేను మెట్లెక్కి వెళ్లి అడిగితే, సేఠ్‌ను ఒక మాట అడిగి చెప్తా పంతులమ్మా అన్నాడు. నీ బిడ్డ చదువుకు ఆయననెందుకు అడగాలి అన్నాను. ఆయన నేలచూపులు చూశాడు. ఆ చూపే ఈ కాలనీలో తండ్రి నుంచి బిడ్డకు అందుతున్న ఆస్తి.

అదే వారంలో రాఖీ పున్నమి ఉత్సవం గురించి సమాజం మీటింగు పెట్టారు. ఏటా మా పిల్లల భాగోతానికి ఒక పూట ఇచ్చేవారు. ఈసారి ఇస్తారా లేదా తేల్చుకోవాలని నేను వెళ్లాను. బిడ్డ చదువు మాట సేఠ్‌ను అడగడానికి అమ్మాయి తండ్రి వచ్చాడు. అమ్మాయి ఆయన వెంట వచ్చింది. ఆడవాళ్లు మీటింగు గదిలోకి రాకూడదని అక్కడెవరూ రాయలేదు. కానీ గుమ్మానికి ఒక పూల పర్దా కట్టి ఉంటుంది, ఆడవాళ్లు దాని వెనుక వరండాలో నిలబడతారు. అమ్మాయి అక్కడే ఆగింది, నేను పర్దా తొలగించుకొని లోపలికి వెళ్లాను. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అయినా ఒకాయన గోడవారగా, నీళ్ల క్యాన్ పక్కన స్టూలు చూపించాడు. నేను నిలబడే ఉన్నాను. మా ముత్తాత ముందు వీళ్ల ముత్తాతలు చెప్పులు విడిచి నిలబడ్డారు. అయినా ఆయన వాళ్లను ఏనాడూ నీళ్ల కుండ పక్కన కూర్చోబెట్టలేదు.

ఈసారి డీజే పెడదామని అధ్యక్షుడు ముందే తేల్చుకొని వచ్చాడు. భాగోతం ఎవరూ చూడట్లేదట, పిల్లల చదువులు పాడవుతున్నాయట, ఆడపిల్లలు కాళ్లకు గజ్జెలు కట్టి మగవేషాలు వేస్తే రేపు సంబంధాలు ఎట్లా కుదురుతాయట. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఈ మనిషే పోయిన ఎండాకాలం ఫోను తీసి నాకు తన మనుమరాలి వీడియో చూపించాడు. ఆ పిల్ల ఇంగ్లీషు స్కూల్లో చెట్టు వేషం వేసుకొని రెండు ముక్కలు పలికితే, దాని ధైర్యం చూడండి అని మురిసిపోయాడు. అక్కడ వారానికి రెండుసార్లు నాటకం మాస్టారు వస్తాడు. హజీరా కంపెనీల్లోని మన ఇంజనీర్ల పిల్లలకూ అలాంటి క్లాసులే. అక్కడ నాటకం ఆడితే పిల్లలకు ధైర్యం వస్తుంది, కోసాడ్‌లో ఆడితే చెడిపోతారు. ఇదే ముక్క ఆయన ముఖం మీదే అన్నాను.

ఆయన నవ్వాడు. "గట్ల కాదు టీచరమ్మా, మీరు పెద్దింటోళ్లు, మీకు భాగోతాలు నడుస్తయి. మాకు సాంచెలు నడవాలె." అందరూ నవ్వారు. అమ్మాయి తండ్రి కూడా నవ్వాడు, వాళ్లు నవ్వారు కాబట్టి.

ఆ నవ్వుల్లోనే అధ్యక్షుడి కళ్లు గుమ్మం వైపు పోయాయి. పర్దా కింద నుంచి అమ్మాయి పాదాలు కనిపిస్తున్నాయి. ఆయనకు వేళాకోళం తోచింది. చిన్నప్పుడు ఊళ్లో భాగోతం చూసిన మనిషే కదా. హాస్యగాడిలాగా గొంతు సాగదీసి, తల ఆడిస్తూ, "తెర లోపల ఉన్నదెవరు? ఏ దేశం? ఎవరి బిడ్డలు? ఏ పని మీద వస్తిరి?" అన్నాడు.

అడగకూడనిది అడిగాడు. ఆ గదిలో నడివయసు దాటినవాళ్లంతా భాగోతం చూస్తూ పెరిగినవాళ్లే. ఆ ప్రశ్న వినగానే, ఎవరూ చెప్పకుండానే నవ్వులు ఆగిపోయాయి. జవాబు వచ్చేదాకా కిక్కురుమనకూడదన్న సంగతి వాళ్ల మెదడు మరిచినా ఒళ్లు మరవలేదు.

పర్దా వెనుక నుంచి జవాబు వచ్చింది.

"నేను కోసాడ్ కాలనీల నాలుగో అంతస్తుల ఉంట. నేసేటోళ్ల బిడ్డను. మా తాత మగ్గం నేసిండు, మా బాపు మీ కార్ఖానల సాంచెలు నడుపుతడు. నేను చీరలకు రాళ్లంటిస్త, పదో తరగతి పాసైన. పదకొండుల నా పేరు రాయిస్తనంటే సరే అనుమని మా బాపు మిమ్ముల అడగనీకి వచ్చిండు. గంట నుంచి కూసున్నడు, అడుగుతలేడు. అందుకే నేను అడుగుతున్న. నేను సదువుకుంట."

ఎవరూ అడ్డు రాలేదు. అధ్యక్షుడు కూడా రాలేదు, రాలేకపోయాడు. ఇక ఆయన సభలోకి దయచేయమనాలి. అడిగినవాడి బాధ్యత అది. ఆయన ఫోను చేతిలోకి తీసుకొని, ఏ నంబరూ నొక్కకుండా దాన్ని చూస్తూ కూర్చున్నాడు. మా మేళంలో ఐతే అలాంటి హాస్యగాడిని మర్నాడే మాన్పించేవారు.

లేచింది అమ్మాయి తండ్రి. కార్ఖానాలో సేఠ్ ముందు ఏనాడూ కుర్చీ ఎక్కని మనిషి, ముందు వరుస కుర్చీల మధ్య నుంచి నడిచి వెళ్లి పర్దా పక్కకు లాగాడు. "దా బిడ్డా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అది లోపలికి వచ్చి ఆయన పక్కన నిలబడింది. నేను దాని ముఖం చూడలేదు, అక్కడున్న పెద్దల ముఖాలు చూశాను.

నీ బిడ్డ, నీ ఇష్టం, దాంట్ల సమాజానికేం పని అని అధ్యక్షుడు అన్నాడు. మర్నాడే తండ్రి వెళ్లి పదకొండో తరగతిలో పేరు రాయించాడు. గుమస్తా ఏదో కసిరితే, అమ్మాయే నిలబడి కావలసిన కాగితాలేవో ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకుందని తండ్రి వచ్చి చెప్పాడు. ఇప్పుడది బడికి వెళుతోంది.

దాని ధైర్యం పుట్టుకతో వచ్చిందని కాలనీలో ఇప్పుడు అందరూ అంటున్నారు. నా ఒళ్లు మండేది ఇక్కడే. పుట్టుకతో రాలేదు. స్కూటర్ల మధ్య, పాత దుప్పటి తెర వెనుక, మాట రాక వెనక్కి వెళ్లిపోతూ, మళ్లీ వస్తూ ఆ అమ్మాయి సంపాదించుకున్నది అది. పుట్టుకతో వచ్చిందని చెప్పుకుంటే మిగతా పిల్లలకు ఏమీ నేర్పనక్కర్లేదు కదా, పెద్దలకు ఆ సౌకర్యం కావాలి. ఆ మీటింగులోనే చివర్లో భాగోతానికి పూట ఇవ్వకూడదని చేతులెత్తి తీర్మానించారు. రాజు వేషం వేయకముందే ఇంత నోరు లేస్తే, వేశాక ఏమవుతుందని ఒకాయన అన్నాడు. వాళ్ల మాటల్లో నిజం అదొక్కటే. భాగోతం దేనికీ పనికిరాదని వాళ్లెవరూ నమ్మడం లేదు. అది ఏం చేస్తుందో కళ్లారా చూశారు. చూశాకనే వద్దన్నారు.

రాఖీ పున్నమి నాడు వాళ్ల హాలు ముందు డీజే మోగింది. మేము కాలనీ వెనుక మైదానంలో ఆడాం. ఆ అమ్మాయి రాజు వేషంతో తెర వెనుక నుంచి పలికితే, డీజే మోతలోనూ చివరి వరుసకు వినిపించింది. అధ్యక్షుడి కార్ఖానా మనుషులు షిఫ్టు దిగి సగంమంది మా వైపే వచ్చారు. ఆయన రాలేదు. మేము పిలవలేదు.

వాన కాలం కాబట్టి రేకుల పందిరి కావాల్సి వచ్చింది, మైకు సెట్టు కావాల్సి వచ్చింది. ఎవరి ముందూ చేయి చాపలేదు. మా నాయనమ్మ కాళ్ల వెండి కడియాలు అమ్మాను.